కట్ట మైసమ్మ, మెట్రో స్టేషన్, మీ తొలి నవల

నగరంలో నడిచే మాయాకథలకి అర్బన్ ఫాంటసీ అన్న పేరు మన దగ్గరా స్థిరపడింది. దాని మీద ప్రశ్నలు పంపమంటే వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తొలి నవల మొదలుపెట్టి మధ్యలో ఆగినవాళ్లవే. హైదరాబాద్ నేపథ్యంగా తొలి నవల వెలువరించిన రచయిత్రి వాటికి జవాబులిస్తున్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలు కలిపేశాం.

దెయ్యం కథకీ అర్బన్ ఫాంటసీకీ తేడా ఏమిటండీ? నా కథలో దెయ్యం ఉన్న పాత బంగళా హైదరాబాద్‌లోనే ఉంది. అది సరిపోదా?
— పాఠకుడు, నిజామాబాద్

సరిపోదండీ. ఆ బంగళాని పునాదులతో సహా లేపి మదనపల్లెలో పెట్టి చూడండి. వీధి పేరు తప్ప కథలో ఏదీ మారకపోతే మీ హైదరాబాద్ ఊరికే కూర్చుందని అర్థం. ఈ తరహా నవలలో ఊరు పని చెయ్యాలి. మాయ ఎక్కడ పుట్టింది, ఎందాకా పోగలదు, ఎవరి మాట వింటుంది అన్న మూడు ప్రశ్నలకీ జవాబు ఆ ఊరి మట్టిలోంచో నీళ్లలోంచో రావాలి.

ఇంకో తేడా కూడా ఉంది. దెయ్యం కథలో దెయ్యం వస్తుంది, చివరికి పోతుంది. ఇక్కడ అది ఎక్కడికీ పోదు. ఆ వీధిలోనే ఉంటుంది, పాలబ్బాయికి తెలుసు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి తెలుసు. దానితో జనం ఎలా సర్దుకుని బతుకుతున్నారన్నదే కథ.

చార్మినార్, గోల్కొండ, చౌమహల్లా అందరూ వాడేశారు. కొత్తగా రాయడానికి ఈ ఊళ్లో ఇంకేం మిగిలింది?
— పాఠకురాలు, ఉప్పల్

చెరువులు మిగిలాయమ్మా. అవి మీకు ఒక్క నవల కాదు, పది నవలలకి సరిపోతాయి.

హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దూకి ఆ నీళ్లు కింది చెరువుకి పోతాయి. చెరువుకి కట్ట, కట్టకి తూము, కట్ట మీద కట్ట మైసమ్మ. వేపచెట్టు కింద పసుపు రాసి కుంకుమ పెట్టిన రాయి, మనిషి వంగితే గానీ పట్టనంత చిన్న గది, గుమ్మానికి నిమ్మకాయలూ వేపమండలూ. ఆమె పని ఒక్కటే, కట్ట తెగకుండా కాయడం. ఇప్పుడు చాలాచోట్ల చెరువు పోయింది, కాలనీ వచ్చింది, గుడి మాత్రం ఉంది. అలాంటి గుడి దగ్గర నిలబడి రెండు పక్కలకీ చూడండి. రోడ్డు ఎత్తుగా ఉండి, దిగువన ఇళ్ల కప్పులు మీ మోకాళ్ల ఎత్తులో కనిపిస్తే, మీరు నిలబడ్డ రోడ్డే పాత కట్ట అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇక మీ నవల ప్రశ్న తయారైపోయింది. కాయడానికి కట్ట లేదు, ఆపడానికి నీళ్లు లేవు, అయినా డ్యూటీ దిగని ఆ తల్లి ఇప్పుడు ఏం కాస్తోంది?

దీనికి హద్దు కూడా ఊరే ఇస్తుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు, ఫుల్ ట్యాంక్ లెవెల్. దాని లోపలి భూమి శిఖం భూమి. గీత బయట, పది హెక్టార్లు దాటిన చెరువుకి 30 మీటర్లు బఫర్ జోన్. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఈ మాటలు ఆటోవాళ్ల నోళ్లలో కూడా ఆడుతున్నాయి. మైసమ్మ అధికారం ఎఫ్‌టీఎల్ వరకే నడుస్తుందనుకోండి. అపార్ట్‌మెంట్‌లో ‘ఏ’ బ్లాక్ గీత లోపల ఉంది, బీ బ్లాక్ బయట ఉంది. ‘ఏ’ బ్లాక్ మూడో అంతస్తులో కుళాయి విప్పకుండానే బిందె నిండుతుంది, బీ బ్లాక్‌లో నిండదు. ఎందుకని పాఠకుడికి మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఎవరో సర్వేయరు వచ్చి రాయి పాతితే చాలు.

చెరువు ఎక్కడుండేదో ఎలా తెలుసుకోవాలని కదా తరవాత అడుగుతారు. మొదట పేర్లు చూడండి. కుంట, చెరువు, కట్ట, తలాబ్ అన్నవి పేరులో ఉంటే నీళ్లు ఉండేవి. చింతలకుంట, తలాబ్‌కట్ట. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తలాబ్, కుతుబ్ షాహీల రాణి హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. రెండోది పాత పటాలు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలులో వేసిన మ్యాపుల్లో చెరువు, కట్ట, వాగు విడివిడిగా కనిపిస్తాయి. 1908 మూసీ వరద తరవాత లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో గీసిన నగర సర్వే పటాల్లో గల్లీలూ బావులూ కూడా ఉన్నాయి. మూడోది గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాల మీట. దాన్ని వెనక్కి జరుపుతూ పోతే నీలం మచ్చ పెరుగుతూ కనిపిస్తుంది. నాలుగోది, అన్నిటికన్నా నమ్మకమైనది, పెద్దవానలో ఆ కాలనీకి వెళ్లడం. నీళ్లు ఎటు పోతున్నాయో అటే పాత వాగు.

ఒక జాగ్రత్త. 2020 అక్టోబర్ వానలకి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగాయి. ఆ వానల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ పోయినవాళ్లని మీ నవలలో ఆత్మలుగా తిప్పకండి. దుఃఖం పచ్చిగా ఉన్నచోట ఊరి పేరూ చెరువు పేరూ రెండూ మార్చండి.

చెరువులు వద్దనుకుంటే మూసీ ఉంది. 1908 సెప్టెంబర్ 28 వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. అంతమంది ప్రాణాలు మోసిన చెట్టుకి ఏ శక్తి వచ్చి ఉంటుందో ఊహించండి. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు ఇంకో సంగతి. 1990 మార్చిలో తెప్ప ఒరిగి విగ్రహం నీళ్లలో మునిగింది, ప్రాణాలు పోయాయి, మళ్లీ లేపి నిలబెట్టింది 1992 డిసెంబర్‌లో. ఆ రెండున్నరేళ్లకి పైగా ఆ రాతి మనిషి చెరువు అడుగున పడుకుని ఏం విన్నాడన్నది ఎవరు రాస్తారా అని చూస్తున్నాను.

మాయకి నియమాలు ఉండాలంటారు. ఎన్ని ఉండాలి? అన్నీ పాఠకుడికి చెప్పాలా?
— పాఠకుడు, ఒంగోలు

ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు, ఎంత పుచ్చుకుంటుంది. మొదటి గడిలో రెండు మూడు వాక్యాలు చాలు. రెండో గడి నింపడానికి వారం పట్టినా పట్టనివ్వండి, ఎందుకంటే కథ అక్కణ్నుంచే పుడుతుంది. పై ఉదాహరణనే తీసుకుంటే, మైసమ్మ దగ్గర మాట పుచ్చుకున్న అమ్మాయి పాత చెరువు గీత లోపల ఎక్కడైనా నీళ్లు పిలవగలదు. గీత దాటి ఒక్క అడుగు వేసినా పిలవలేదు. పిలిచిన నీళ్లు తను తాగలేదు. ఒక్క బిందె పిలిస్తే ఆ రోజు పొద్దుగూకే దాకా ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. మూడే నియమాలు. విలన్ ఆమెని గీత బయటికి రప్పించాలని చూస్తాడు, ఆమె మే నెలలో నాలుగు బిందెలు పిలవాల్సి వస్తుంది. మిగతాదంతా కథే.

ఎక్కడ చెడుతుందంటే, ధర విషయంలో. రెండో అధ్యాయంలో దాహం గురించి రాస్తారు, పదో అధ్యాయానికి మరిచిపోతారు. మాయ వాడిన ప్రతి సన్నివేశం తరవాత అంచులో ‘ధర’ అని రాసుకుని ఎవరు, ఎంత, ఏ పేజీలో చెల్లించారో గుర్తు పెట్టండి. చెల్లించని పద్దులు మూడు దాటితే పాఠకుడికి కథలో ప్రమాదం అనిపించడం ఆగిపోతుంది.

రెండో పొరపాటు ఆఖరి పోరాటంలో కొత్త శక్తి పుట్టించడం. చివర పనికొచ్చే ప్రతి శక్తీ అంతకుముందు రెండుసార్లు కనిపించాలి, అందులో ఒకసారి విఫలమవ్వాలి. విఫలమైంది చూశాడు కాబట్టే చివర ఫలిస్తుందో లేదో అని పాఠకుడు ఊపిరి బిగబడతాడు.

అన్నీ చెప్పక్కర్లేదు. ఇరవై నియమాలు మీకు తెలిసి ఉండి ఐదు పాఠకుడికి తెలిస్తే చాలు. కానీ ఆ ఐదూ ఒక ముసలాయన నోట వరసగా చెప్పించకండి. ఒక్కో నియమం ఎవరో ఒకరు దాన్ని తప్పి దెబ్బ తిన్నప్పుడు తెలియాలి.

ప్రతివాళ్ల చేతిలో సెల్‌ఫోన్, ప్రతి వీధిలో సీసీ కెమెరా. వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే మాయ రహస్యం ఎలా నిలుస్తుంది?
— పాఠకురాలు, కరీంనగర్

రహస్యంగానే ఉండాలని ఎవరన్నారు? సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో లష్కర్ బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి వచ్చే ఏడాది వానలూ పంటలూ ఎలా ఉంటాయో చెబుతుంది. టీవీలన్నీ చూపిస్తాయి. చూసినవాళ్లలో నమ్మేవాళ్లు నమ్ముతారు, లేనివాళ్లు టిఫిన్ చేసి ఆఫీసుకి పోతారు. మన ఊళ్లలో అద్భుతం నలుగురి మధ్యే జరుగుతుంది. మాయాలోకం అంటే మూసిన తలుపు వెనక దాచిన వ్యవహారం అన్న ఆలోచన మనకి పరాయిది, దాన్ని అరువు తెచ్చుకుని మళ్లీ దాన్ని కాపాడుకోలేక తిప్పలు పడుతున్నాం.

అయినా మీ కథకి రహస్యం కావాలంటే, ‘ఫోన్ పాడైంది’, ‘సిగ్నల్ లేదు’ అన్నవి ఒక్కసారికి మించి వాడకండి. కెమెరా చూడగలిగేది ఏమిటో, చూడలేనిది ఏమిటో అదీ ఒక నియమంగా పెట్టుకోండి. ఉదాహరణకి కెమెరాలో నీళ్లు కనిపిస్తాయి, పిలిచిన మనిషి పెదాలు కదలడం కనిపించదు. అప్పుడు వీడియో ఉన్నా గొడవే. పైపు పగిలిందని జలమండలి వాళ్లకి ఫిర్యాదు వెళుతుంది, మనుషులు వచ్చి తవ్వుతారు. రహస్యం బయటపడడం కన్నా తప్పుగా బయటపడడం కథని ముందుకు నడుపుతుంది.

అమ్మవార్లని పాత్రలుగా రాస్తే గొడవలు అవుతాయని ఇంట్లో భయపెడుతున్నారు. చట్టం ఏమంటుంది?
— పాఠకుడు, కర్నూలు

చట్టం సంగతి ముందు చూద్దాం. మత విశ్వాసాలని అవమానించడం గురించిన పాత 295ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కీలకమైన మాట ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ అన్నది. కథలో అమ్మవారు కోపగించుకుంటే, ఏడిస్తే, భక్తుడితో తగువాడితే అది దురుద్దేశం కాదు. మన జానపదుల పాటల్లో ఎల్లమ్మ, పోచమ్మ అంతకన్నా ఎక్కువే మాట్లాడతారు. కేసు పెట్టేవాళ్లు పెట్టకుండా చట్టం ఆపలేదన్నది కూడా నిజమే. అందుకని ఫలానా గుడి, ఫలానా పూజారి అని గుర్తుపట్టేలా రాసి వాళ్లకి చెడ్డతనం అంటగట్టకండి. దేవత పేరు ఉంచండి, గుడి కల్పించండి.

నాకు అంతకన్నా దిగులు పుట్టించేది ఇంకోటి ఉంది. బాణామతి, చేతబడి. ఆ మాటలు చెప్పి పల్లెల్లో ఒంటరి ముసలివాళ్లని, ఎక్కువగా దళిత, ఆదివాసీ కుటుంబాలవాళ్లని కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. మీ నవలలో బాణామతి చేసే బీద ముసలమ్మ నిజంగానే పిల్లల్ని చంపే మంత్రగత్తె అయితే ఆ అబద్ధానికి ఒక సాక్ష్యం పెరిగినట్టే. దుష్టశక్తికి మనిషి కావాలంటే చెరువు పూడ్చినవాడు ఉన్నాడు, నకిలీ పట్టా పుట్టించినవాడు ఉన్నాడు. వాళ్ల చేతికివ్వండి మంత్రం. అలాగే పోతరాజు, జోగిని, గుడి ముందు డప్పు కొట్టే మనిషి, వీళ్లని రంగు కోసం సన్నివేశంలో నిలబెట్టి మాట లేకుండా పంపేయకండి. పేరు, ఇల్లు, పగటిపూట చేసే పని ఇవ్వండి.

1908 వరదలో పోయిన ఆత్మ ఇప్పటి అమ్మాయితో మాట్లాడుతుంది. అతని భాష ఎలా ఉండాలి?
— పాఠకురాలు, సూర్యాపేట

భాష కన్నా ముందు అతనికి ఏం తెలుసో రాసుకోండి. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది కాబట్టి తెలుసు, కొత్తగా కట్టారని గొప్పగా చెబుతాడు. కాచిగూడ స్టేషన్ 1916, అది తెలియదు. గండిపేట చెరువు తెలియదు, అది ఆ వరద వల్లే కట్టి 1920లో పూర్తిచేశారు. నిజాం అంటే అతనికి మహబూబ్ అలీ ఖానే, ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఇన్ని భవనాలు ఎందుకున్నాయో అర్థం కాదు. రూపాయి అంటే హాలీ సిక్కా, నిజాం సొంత నాణెం. సంవత్సరం అడిగితే ఆనాటి సర్కారు లెక్క ఫసలీలో చెబుతాడు, దానికి 590 కలిపితే మన లెక్కకి దాదాపు సరిపోతుంది. ఇలాంటివి నాలుగు తగిలితే చాలు, యాస బరువు సగం తగ్గిపోతుంది.

పాతబస్తీ మనిషైతే దక్కనీ ఉర్దూ వస్తుంది. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ లాంటివి సందర్భం నుంచే అర్థమవుతాయి, పక్కన అర్థం రాయకండి. కానీ సంభాషణ మొత్తం యాసలో నింపితే పాఠకుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగుతాడు. క్రియ చివర, పలకరింపు, తిట్టు, ఈ మూడు చోట్ల యాస నిలబెట్టి మిగతాది తేలికగా వదిలేయండి. తెలంగాణ తెలుగు మాట్లాడే పాత్ర ‘వస్తున్న’ అని ఒక పేజీలో, ‘వస్తున్నాను’ అని ఇంకో పేజీలో అనకుండా ఒక్కో పాత్రకి పది క్రియల పట్టిక ముందే వేసుకోవాలి. యాసలో పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే.

హైదరాబాదే ఎందుకండీ? మా విశాఖ, మా బెజవాడ పనికిరావా?
— ఇద్దరు పాఠకులు

ఎందుకు పనికిరావు! విశాఖ రేవు ముఖద్వారం మీదకి చూస్తూ పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. లోపలికొచ్చే ప్రతి ఓడా ఆ ముగ్గురి కళ్ల ముందు నుంచే రావాలి. ఏ ఓడ కడుపులో ఏముందో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ ఒప్పుకుంటేనే లోపలికి వదులుతారు అనుకోండి. ఒకరోజు ఇద్దరు ఔనన్నారు, ఒకరు కాదన్నారు. బెజవాడలో కృష్ణ నుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరి మధ్యనుంచి విడిపోతాయి. ఒకే నది మూడు పేర్లతో మూడు వైపులకి పోతున్న ఊళ్లో ఒక మనిషి మూడు చోట్ల కనిపిస్తే ఆశ్చర్యం ఏముంది? మీ ఊరి నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ముందు చూడండి.

డాలస్‌లో ఉంటూ హైదరాబాద్ నవల రాస్తున్నాను. అక్కడున్నవాళ్లు తప్పులు పడతారేమో.
— పాఠకుడు, అమెరికా

మీరు ఊరు వదిలిన సంవత్సరంలోనే కథ పెట్టండి. ఆ ఊరు మీకు ఎవరికన్నా బాగా తెలుసు. అప్పుడు తేదీలు మాత్రం సరిచూసుకోండి. మెట్రో 2017 నవంబర్ ఆఖర్లో మియాపూర్, నాగోల్ మధ్య మొదలైంది, కాబట్టి 2016 కథలో అమీర్‌పేటలో స్తంభాలూ దుమ్మూ ఉంటాయి, రైలు ఉండదు. ఇప్పటి కథ అయితే అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ ఈ మూడింటిలోనే లైను మారాలి. అర్ధరాత్రి ఒంటిగంటకి మెట్రోలో ప్రయాణికులున్నారంటే ఆ రైలు మనది కాదని పాఠకుడు అప్పుడే కనిపెట్టేస్తాడు, మీకు కావలసింది అదే అయితే వాడుకోండి.

నవల ఎన్ని మాటలు ఉండాలి? నెట్‌లో లక్ష అంటున్నారు.
— పాఠకుడు, తిరుపతి

ఆ లెక్క ఇంగ్లిష్‌ది. ‘వెళ్లిపోయాడనుకున్నాను’ అన్నది మనకి ఒక్క మాట, అక్కడ నాలుగైదు. తెలుగులో 50,000 మాటలు నిండైన నవల. వన్ బై ఎయిట్ డెమీ సైజులో, 13 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 230 మాటలు పడతాయి. అంటే 217 పేజీలు. లోపలి అట్ట, ముందుమాట, ఇంప్రింట్ పేజీ కలిపితే 224. ప్రెస్సులో పదహారు పేజీల ఫారాల లెక్క, 224కి సరిగ్గా 14 ఫారాలు. 226 అయ్యిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం అవుతుంది, లేదా ఖాళీ పేజీలు మిగులుతాయి. చివరి ప్రూఫ్‌లో ఈ లెక్క చూసుకోండి.

అధ్యాయాలు ఈ తరహాకి 1,800 నుంచి 2,500 మాటల్లో ఉంటే బాగా నడుస్తాయి. వారపత్రికకి సీరియల్‌గా ఇవ్వాలనుకుంటే వాళ్లు ఇచ్చే పేజీలని బట్టి ముందే కొలత అడగండి. రాశాక కోస్తే మాయ నియమం చెప్పిన వాక్యమే కోతలో పోతుంది.

యూనికోడ్‌లో టైప్ చేసి ఇస్తే డీటీపీ నుంచి వచ్చిన ప్రూఫ్ నిండా తప్పులు. నా తప్పా, వాళ్లదా?
— పాఠకురాలు, గుంటూరు

ఎవరిదీ కాదు, మార్పిడిది. చాలాచోట్ల పేజీలు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే పెడతారు. మీ యూనికోడ్ ఫైలుని కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. మనం ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట్ కీ వే కీ మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. మార్పిడిలో అది రాలిపోతే ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. నగరం కథల్లో అపార్ట్‌మెంట్, వాచ్‌మన్, లిఫ్ట్‌లో, బస్‌స్టాప్ లాంటి మాటలు పేజీకి పది ఉంటాయి కాబట్టి ఈ తరహా నవలలే ఎక్కువ దెబ్బతింటాయి.

మందు ఏమిటంటే, ఫైలు ఇచ్చేముందు పొల్లు వచ్చే ఇంగ్లిష్ మాటలన్నిటి జాబితా విడిగా కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వండి. ముందు ఒక్క అధ్యాయం మార్పించి చూసి, తప్పుల తీరు తెలిశాక మిగతాది చేయించండి. కొటేషన్ గుర్తులు తిరగబడ్డాయేమో, అంకెలు మారాయేమో చూడండి. అవకాశం ఉంటే యూనికోడ్ ఫాంట్‌తోనే నేరుగా పేజీలు పెట్టేవాళ్లని పట్టుకోండి, సగం పని తప్పుతుంది. ప్రూఫ్ మూడుసార్లు. మొదటిసారి మూలంతో పోల్చి, రెండోసారి కాగితం మీద పైకి చదువుతూ, మూడోసారి పేర్లు మాత్రమే. హైదరాబాద్, హైదరాబాదు, గోల్కొండ, గోలకొండ, ఏదో ఒకటే ఉండాలి.

ప్రచురణకర్త దొరికితే ఒప్పందంలో ఏం చూడాలి? దొరక్కపోతే సొంతంగా వేసుకోవచ్చా?
— పలువురు పాఠకులు

ఒప్పందంలో గడువు ఎంత అని రాసి ఉండాలి. రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం అది ఐదేళ్లకి అన్నట్టు. ఎక్కడ అమ్మవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. పుస్తకం, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా లేదా వెబ్ సిరీస్, ఇవి ఐదూ వేర్వేరు హక్కులు. ‘సర్వహక్కులూ’ అన్న ఒక్క మాట కింద సంతకం పెట్టకండి. ఈ తరహా కథలకి తెర మీద ఆసక్తి ఉంటుంది కాబట్టి చివరి హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది, మీ తరవాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. దరఖాస్తు రుసుము 500 రూపాయలు, దరఖాస్తుకి ఇచ్చే డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

సొంతంగా వేసుకోవచ్చు. పుస్తకం గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బివ్వకండి, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే ప్రచురణకర్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఈబుక్‌కి వేరే నంబరు కావాలి. తొలి నవలకి 300 కాపీలు డిజిటల్ ప్రింటింగ్‌లో వేసుకోవడం క్షేమం, ఆఫ్‌సెట్ కలిసిరావాలంటే అంతకన్నా చాలా ఎక్కువ కాపీలు కావాలి. వెల నిర్ణయించే ముందు పుస్తకాల షాపుకి 40 శాతం పోతుందని లెక్క వేసుకోండి. 250 రూపాయల పుస్తకం మీద చేతికొచ్చేది 150, అందులోంచే అచ్చు, అట్ట బొమ్మ, పార్సిల్. కాపీ ఖర్చు 90 దాటితే వెల పెంచాలి, లేదా పేజీలు తగ్గించాలి.

కాపీలు డిసెంబర్ మొదటివారానికి చేతిలో ఉండేలా చూసుకోండి. ఆ నెలలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. వెనక్కి లెక్కేస్తే అచ్చుకీ బైండింగ్‌కీ నెల, ప్రూఫులకి నెలన్నర, అంటే సెప్టెంబర్ నడిమికి రాతప్రతి డీటీపీకి పోవాలి. అట్ట బొమ్మ వేసేవారికి జూలైలోనే చెప్పండి, చార్మినార్ వెనక చందమామ వద్దని కూడా అప్పుడే చెప్పండి. మీ కథలో ఉన్న ఆ చిన్న గది, ఆ రాయి, పల్లంలో ఇళ్ల కప్పులు, వాటి ఫొటోలు పంపండి. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకి ఒక్కోటి పంపాలి. 1954 నాటి చట్టం అది, పంపాల్సింది ప్రచురణకర్త, సొంతంగా వేసుకుంటే మీరే.